ఖాళీ గడి

సోమవారం. రొయ్యల హేచరీకొచ్చిన వియత్నాం మనిషి
కూతుర్ని మా రెండో తరగతిలో దించి వెళ్లాడు.
పేరడిగితే
ముక్కులోంచి చిన్న గంట మోగినట్టు ఏదో అంది.
నా పెన్ను ఆగిపోయింది. పిల్లలు ఆగలేదు,
పప్పన్నం వేళకే గంగను చేసేశారు.
రిజిస్టర్లో నేనూ అదే రాశాను, పెన్సిల్‌తో.

మర్నాడు వాన. సగం బెంచీలు రాలేదు.
కిటికీ అవతలి ఆకుమడి చూపించి
'మా' అంది, గొంతు బరువుగా దించి.
నారు, అన్నాను.
మళ్లీ 'మా' అంది, గొంతు పైకెత్తి.
ఈసారి చెయ్యి క్యారేజీ మూత మీదుంది.
అమ్మ, అన్నాను, కాస్త ఆలస్యంగా.
బోర్డు మీద రాస్తే రెండూ ఒక్కలాగే ఉన్నాయి.
నా సుద్దముక్కకి రాగం రాదు.

కాలవకి గండి పడి రెండ్రోజులు సెలవు.

శుక్రవారం పెచ్చెట్టి మోజెస్ అక్షరాలు అప్పజెబుతూ
క ఖ గ ఘ దాటి
నిలబడిపోయాడు.
పుస్తకంలో ఆ గడికి బొమ్మ ఉండదు.
దీంతో మాట లేదర్రా, బట్టీ పట్టేయండని
ఇరవై రెండేళ్లుగా దాటించేస్తున్నాను.
వాడు వెనక్కి తిరిగి చూసి
"మేడమ్, ఇది ఈ పిల్లదండి" అన్నాడు.

శనివారం పెన్సిల్ రాత చెరిపి
ఇంకుతో 'ఙా' అని రాశాను.
హాజరు పిలిస్తే నా ముక్కే అదిరింది.
బెంచీ చివర్నుంచి,
"ఆయ్."