కింద ఉన్నోళ్లు

మూడు రోజులు, ఐదు ఖిల్లాలు, పద్నాలుగు మంది.
డీజిల్ వాళ్లది. బత్తా రోజుకు ఎనిమిదొందలు.
పార్కింగు చిట్టీలు నా మీద వెయ్యొద్దని
ముందే మాట్లాడుకున్న.

గద్వాల కోటల కాలేజీ ఉన్నదట.
వనపర్తి రాజమహల్ల పాలిటెక్నిక్ పిల్లలు
ఝూమర్ల కింద టిఫిన్ డబ్బాలిప్పుతరట.
ఇవన్ని బండెక్కినంక వాళ్లు చెప్పుకుంటుంటె
అద్దంలకెల్లి విన్నయే.

నాకు ప్రతి కోట తెలుసు, గడప దాక.
ఏ చెట్టు నీడ ఎన్ని గంటలకు
బానెట్ దాటి పోతదో,
బోరింగు ఎక్కడ పని చేస్తదో,
ఏ హోటలోడు చాయల అల్లం దంచి ఏస్తడో.
ఇరవై రెండేండ్ల సంది
కోటల కింద కూసున్నోణ్ణి.

కోయిలకొండ కాడ మాత్రం
ఖుర్షీద్ టీచర్ బండి దిగింది, గుట్ట ఎక్కలే.
నల్లగొండ ఉర్దూ బడిల రిటైరైన మనిషి.
రెండు మోకాళ్లకు పట్టీలు.
"ఈ నవాబులకు మెట్లు కొట్టిపిచ్చుడే తెలుసు,
మోకాళ్ల సంగతి తెల్వది" అనుకుంట
ముందు సీట్ల కూసుని డోరు తెరిచి పెట్టింది.

పైన ఏముంటది అనడిగింది.
నాకేం తెలుసు టీచర్, నేనెన్నడు పోలే అన్న.
ఇరవై రెండేండ్లా! అని నవ్వింది.
బండి ఇడిసి ఎట్ల పోత మరి?

"నిజమే. సుల్తాను పైకి పోతె
గుర్రం పట్టుకోని కింద ఒకడు నిలవడాలె గద.
వానికి చాయి ఎవరిచ్చిండ్రో."
అప్పుడు చాయి లేకుండె టీచర్.
"అయితె ఇంక పాపం."

ఎండ సీట్లకొచ్చింది.
సీతాఫలం పొదల దిక్కు నడిచినం.
ఆడ ఒక గోరి.
సున్నం సగం పోయింది,
మేకల పెంటికలు, మీద ఒక తొండ.
ఎవరిదని మేకల పిలగాణ్ణి అడిగితె
"తాతగోరి" అన్నడు.
ఎవరి తాత?
"ఏమో."

టీచర్ చున్ని కొంగుతోని పెంటికలు దులిపింది.
తొండ కొంచెం జరిగింది, పోలే.
ఆమె పెదవులు కదులుతున్నయి.
ఎవరో తెల్వకుంటనె దువా చేస్తరా?
"తెలిసినోళ్లకు వాళ్లోళ్లే చేస్తరు" అన్నది.
కొద్దిసేపాగి,
"నీకెవరన్న ఉంటె నువ్వు గుడ చెప్పుకో.
ఇంత పెద్ద గోరి, చోటుంటది."

మా నాయిన మేస్త్రి ఎంబడి డ్యాం పనికి పోయిండు.
అప్పుడు నాకు ఆరేండ్లు.
కట్ట కూలిందన్నరు. ఆడ్నే పెట్టినమన్నరు.
ఒక తువ్వాల, పదకొండు నూర్లు తెచ్చిచ్చిండ్రు.
ఏ రాష్ట్రమో అమ్మకు నోరు తిరగక
"నీళ్ల ఊరు" అంటుండె.
ఆ నీళ్ల ఊరు ఎక్కడుందో
నేను బండి తోల్కపోని రోడ్డు మీద.

చెప్పులిడిసి నిలవడ్డ.
ఏం చెప్పాల్నో తెల్వలే.
"మా నాయిన పేరు కుర్మయ్య" అన్న.
గంతే.
తొండ తలకాయ ఊపింది,
అది అందరికి ఊపుతది.

పద్ముగ్గురు చెమటలు కక్కుకుంట దిగిండ్రు.
పైనుంచి తీసిన ఫోటో చూపిచ్చిండ్రు:
"అన్నా, నీ బండి అగ్గిపెట్టంత!
నువ్వు రావాల్సుండె, మస్తు మిస్సైనవు."
నేను వేళ్లతోని పెద్దగ చేసి చూసిన.
బండి ఉంది, పొదలున్నయి.
తెల్లగ ఒక చుక్క, టీచర్ చున్ని.
నేను కానరాలే.

తెల్లారి దేవరకొండ.
ఎప్పుడాపే చింతచెట్టు ఉండె, నీడ గుడ ఉండె.
అయినా బండి అవతలి దిక్కు ఆపిన,
గడ్డిల ఏదో తెల్లగ కానొచ్చి.
దిగి పోయి చూస్తె
పాత మైలురాయి.
ఊరి పేరు అరిగిపోయింది,
అంకె మాత్రం మిగిలింది, తొమ్మిదో, ఆరో.

"ఇది సరిపోతదా టీచర్?" అని అడిగిన.
డోరు తెరిచి పెట్టుకోని
ఆమె మంచి నిద్రల ఉండె.