మిగిలిన నట్టు

ఇంజను విప్పిన ప్రతిసారీ
ఒక నట్టు మిగుల్తుంది.

ఢిల్లేసు గోనెపట్టా మీద పేరుస్తాడు,
విప్పిన వరసలోనే, ఎడమ నించి కుడికి,
డీజిలు గిన్నెలో ముంచి, పాత లుంగీ పీలికతో తుడిచి.
నేను పక్కనే గొంతుక్కూచుని లెక్కపెడతాను
పెళ్ళిలో చదివింపులు రాసేవాడిలా.
బిగించేటప్పుడూ అదే వరస, కుడి నించి ఎడమకి.
అయినా చివర్లో ఒకటి
గోనె మీద, ఎవరికీ కాకుండా.

"ఇదెక్కడిదప్పా?"
"నన్నడుగుతావేటి? విప్పినోడివి నువ్వు."
"తిరుగుతోంది కదా, ఒగ్గీ."
నిజంగానే తిరుగుతుంది,
దగ్గి, ఉమ్మి, నల్లటి పొగ ఒక్క గుక్క వదిలి.

మాది వంశధార కాలవకి ఆఖరి మడి.
పైవాళ్ళ మడులు తాగి, బీటలిచ్చిన గట్లు తాగి,
మా దాకా వచ్చేది నీటి కబురే.
అందుకని బావి, బావికి ఇంజను,
ఇంజనుకి నేను.

ఫుట్‌వాల్వు నోట్లో ఆకు ఇరుక్కుని నీళ్ళు జారిపోతే
పేడ కలిపిన నీళ్ళు బిందెతో పోసి
పైపుని నమ్మించాలి.
వాషరు అరిగితే మా ఆయన తెగిన చెప్పు
అప్పుడు పనికొస్తుంది, అరచెయ్యంత ముక్క.
మందు కొట్టే టాంకీ నాజిలు మూసుకుపోతే
చీపురుపుల్లతో పొడవాలి, నోటితో ఊదకూడదు.
మా తవిటి మావ ఊదాడు.
మూడు రోజులు ఆస్పత్రిలో
నురగ కక్కుతూ పడుకున్నాడు.
పార కామకి తుమ్మకర్రే కావాలి,
అదీ కొట్టిన వెంటనే కాదు,
అటక మీద ఒక ఎండాకాలం పడుకుని లేచాక.

పొద్దుగూకి ఇంటికొస్తే
ఈరోజేం చేశావని అడుగుతాడు ఆయన.
ఏం చెప్పను?
దడి తలుపు ఇప్పుడు కిర్రుమనదు, అని చెప్పనా?

మిగిలిన నట్లన్నీ దాల్డా డబ్బాలో వేస్తాను.
పదకొండేళ్ళవి. కొన్ని ఇంజనువి కానే కావు,
తెడ్డు విరిగిన ఫ్యానువి, అమ్మేసిన సైకిలువి,
ఒకటి మాత్రం ఎవరి మంచానిదో.
ఎత్తి ఊపితే
గుప్పెడు వడగళ్ళ చప్పుడు.

పోయినేడు ఉభాల్లో
కూర్మినాయుడు మా దడి అవతల నిలబడ్డాడు.
మూరెడు గట్టు కోసం ఆరేళ్ళుగా మాటల్లేవు.
తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని
దడికే చెప్పాడు:
"ఇంత లావు బోల్టొకటి కావాల.
మాది బావిలో పడిపోనాది.
నరసన్నపేటలో కొట్లన్నీ మూసేసినారు."
చిటికెన వేలు చూపించాడు.
ఆ వేలికి గోరు లేదు, ఎప్పటి దెబ్బో.

చాప పరిచి డబ్బా బోర్లించాను.
ఇద్దరం వంగి ఏరుకున్నాం, చింతపిక్కలు ఏరే గుంటల్లా.
ఏడోది పట్టింది. మర కొంచెం పొడుగే,
పీలిక చుడితే సరిపోయింది.
పట్టుకెళ్ళాడు. కాసేపటికి అటుపక్క ఇంజను దగ్గింది,
మాదానికన్నా గట్టిగా,
కుళ్ళుతో అనుకున్నాను.

వారం తిరక్కుండా తెచ్చిచ్చేశాడు.
కాయితంలో చుట్టి, గ్రీజు రాసి.
గట్టు సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
గట్టు అక్కడే ఉంది, మూరెడు అటో ఇటో.
నా దగ్గిర పుట్టినప్పుడు కూడా
అంత శుభ్రంగా లేదా బోల్టు.

నిన్న మళ్ళీ విప్పాం, పిస్టను రింగు పోయి.
గోనెపట్టా, గిన్నె, పీలిక, అదే వరస.
మధ్యాన్నానికి బిగించడం అయింది.
గోనె దులిపాం.
ఢిల్లేసు చొక్కా జేబు తిరగేశాడు.
నేను గడ్డిలో చేత్తో తడిమాను,
కోడి కాళ్ళ కింద చూశాను.

ఏమీ మిగల్లేదు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.
హేండిలు అతని చేతిలో ఉంది.
"నువ్వు తిప్పప్పా," అన్నాడు.
"నానేల, నువ్వే తిప్పు," అన్నాను.