పదకొండు బకెట్లు

డాక్టరు నా కారు తాళాలు అడిగి తీసుకున్న వారానికే
పిల్లి పోయింది. ముస్తిక్కా దాని పేరు.
రెంటికీ సంబంధం లేదు.
దానికి పంతొమ్మిదేళ్ళు, నాకు అరవై రెండు.
మూర్ఛ నాకు మొదటిసారి, చావు దానికి మొదటిసారి,
ఇద్దరం కొత్తవాళ్ళమే.

బేస్‌మెంట్లో మిగిలినవి బకెట్లు, పదకొండు.
పిల్లి దొడ్డికి పోసే మట్టి
మా ఊళ్ళో వీటిల్లోనే అమ్ముతారు.
పసుపు రంగు, నాలుగు పలకలు,
ఏనుగు లాగినా ఊడని పిడి.
పారెయ్యబుద్ధి కాక
ఒకదాన్లో ఒకటి దూర్చి పెట్టాను ఇన్నేళ్ళూ,
ఎందుకంటే చెప్పలేను.

డులూత్‌లో ఇల్లు కొండ మీద, కొట్టు సరస్సు పక్కన.
కారు లేని ఆరు నెలలంటే
ఎన్ని కిలోల బంగాళాదుంపలో లెక్కేశాను.
గరాజులో సైకిలుంది, వెనక కేరియరుంది.
ఉన్న రెండు చేతులూ హేండిలుకే చాలవు,
దుంపలెక్కడ పెట్టను?

పక్కింటి రేనో నిస్కనెన్ డ్రిల్లు పట్టుకొచ్చాడు.
నలభయ్యేళ్ళు ఓడల్లోకి ఇనప రాయి ఎత్తినవాడు,
బరువు గురించి తప్ప దేని గురించీ మాట్లాడడు.
"వాషరు పెద్దది వెయ్యి.
ప్లాస్టిక్కు మెతక మనిషి లాంటిది,
ఒక్కచోటే పట్టుకు లాగితే చిరుగుతుంది."
పాత బీరువా పట్టీని వైసులో వంచి
నాలుగు కొక్కేలు చేశాడు.
అడుగున రబ్బరు తాడు, గతుకుల్లో ఎగిరిపడకుండా.
వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు నేనే అంటించాను,
ఒకటి వంకరగా.

తొక్కి చూస్తే
తిప్పు తిప్పుకీ మడమ తగిలి, డబ్.
వీధి చివరిదాకా డబ్, డబ్,
దండోరా వేసుకుంటూ పోయాను.
విప్పి, నాలుగు వేళ్ళు వెనక్కి జరిపాం.
పాత బెజ్జాలు పళ్ళూడిన చోటులా మిగిలాయి.
"ఉండనీ, వాన నీళ్ళు పోతాయి" అన్నాడు.
"అవి పైనున్నాయి కదా, రేనో."
"నీళ్ళు అంత ఎత్తొస్తే పోతాయి."

మొదటిరోజు దుంపలన్నీ ఎడమ బకెట్లో పోశాను.
కొండెక్కడం సంగతి తర్వాత, నిలబడటమే గగనమైంది.
సైకిలు ఎడమకే మొగ్గు, మొండి మేకలా.
ఇది కావడి అని
నాకెవరూ చెప్పలేదు.
ఒడ్డుకి నడిపించుకుపోయి, నీళ్ళలో చెయ్యి పెట్టి
తలకాయంత గుండ్రాయి ఒకటి ఎత్తాను.
సుపీరియర్ నీళ్ళు జూన్‌లోనూ వేళ్ళు కొరుకుతాయి.
కుడి బకెట్లో రాయి దొర్లి, సర్దుకుని,
ఊరుకుంది.
సగం దూరం తొక్కాను, సగం దూరం తోశాను.
దుంపలే చెరిసగం పంచొచ్చని
ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.
రేనోకి ఈ ముక్క చెప్పలేదు.

మిగిలిన తొమ్మిదిలో
రెండు లైబ్రరీ కుర్రాడు ఎమ్మెట్ పట్టుకెళ్ళాడు,
మూడింట్లో రేనో టమాటాలు పెట్టాడు.
నాలుగు ఇంకా కిందే ఉన్నాయి, ఒకదాన్లో ఒకటి.
మంగళవారం కుండపోత, రొట్టె తడవలేదు.

మూతలు వెనిగరుతో మూడుసార్లు కడిగాను.
అయినా కుడి మూత గాడిలో
ఒక బూడిద రంగు వెంట్రుక ఉండిపోయింది.
దానిదో, నాదో.
తియ్యలేదు.

దిగుడులో ఆ మూత టకటకలాడుతుంది,
సాయంత్రం ఆరింటికి ఖాళీ గిన్నెని
మూతితో నెట్టినట్టు.
నిన్న పోస్టాఫీసు మలుపులో
"ఆగవే, వస్తున్నా" అన్నాను, పైకే.
సిగ్నలు దగ్గర బస్సు డ్రైవరు కిటికీలోంచి
నా వెనక ఎవరున్నారా అని చూశాడు.
మూత బిగించబోయి, మానేశాను.
పచ్చదీపం పడింది.