గుంట

ముందు చెక్కలెయ్యాలి.
భావనపాడు రేవులో ఇరిగిన పడవ చెక్కలు అవి,
ఉప్పు తాగినవి, బరువుకి వంగవు.
జాకీ కాలుకి రెండేసి,
టైర్ల దారి పొడుగునా జోడు వరస.
ఎనిమిది టన్నుల జేసీబీ
గరిక మీద దొంగలా అడుగెయ్యాలి.

దీనమ్మ గరిక అది.
తిత్లీ తుపానుకి టెక్కలి సమాధుల తోటలో
చెట్లన్నీ కూలి ఉత్త మన్ను మిగిలిన ఏడు
కాలవ గట్టు నుంచి గంపలతో మోసుకొచ్చి
దుబ్బుకీ దుబ్బుకీ జానెడు ఎడం ఒగ్గి నాటిందట.
"టైరు గుర్తు కనపడిందా, నీ కిరాయిలో కోసీత్తాను"
మొదటి రోజే అనీసింది.

ఒకపాలి, సండేస్కూలు పంతులమ్మ గొయ్యికి,
ఒక చెక్క జారి టైరు దిగబడిపోనాది.
దీనమ్మ ఆ గాడిలో కూకుని
పిల్లకి తల దువ్వినట్టు గడ్డి దువ్వింది.
ఒక్క మాటా అనలేదు.
రెండొందలు కోసింది.

చేత్తో తవ్వీవోళ్లు లేరు ఇప్పుడు.
ఏలీయా, ఆడి తమ్ముడూ చెన్నై ఎల్లిపోనారు
బతికున్నోళ్ల మేడలకి పునాదులు తియ్యడానికి.
అందుకని నాను.
ప్రార్థన రాదు నాకు, కొలత వొచ్చు.

మంచు ఆరకుండా బండి దించకూడదు.
గరికని ముందు పారతో చాపలా కొయ్యాలి,
మూరెడు పలకలు, నాలుగు వేళ్ల మందం వేరుతో,
తడి గోనెల మీద నీడకి పేర్చాలి.
తరవాత నల్లమన్ను ఒక టార్పాలిన్ మీద,
ఎర్రమన్ను ఇంకో దాని మీద.
ఆఖర్న వొచ్చింది ముందు లోనకెల్లాలి.
మనుషులకి లేని వరస
మన్నుకైనా ఉండాలంటాది దీనమ్మ.

సుక్కురారం పొద్దున్నే ఫోను.
"తవుడూ, గుంటకి గుంట తియ్యాలిరా."
మా వైపు రెండింటికీ ఒకటే మాట.
ముప్పై ఏళ్లుగా అంటన్న మాటే,
ఆ వేళే ఇనపడింది.

సన్న బకెట్టు తగిలించుకుని ఎల్లినాను.
అడుగున్నర వెడల్పు.
దీనమ్మ పుల్లతో గీసిన గీతకి
అంచుకి అంచు సరిపోనాది.
సరిపోకుండా ఉంటే బాగుణ్ణు.

నాలుగు సార్లు దించినాను.
నాలుగు నిమిషాలు.

చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్న మనిషి ఒకడు
బండి దగ్గిరికొచ్చి
"గంటకెంత బాబూ" అన్నాడు.
గంటకి పన్నెండొందలు.
గంటకి తక్కువైతే బండి కదలకూడదని ఓనరు మాట.
వొద్దన్నాను.
"దాని పనికి అప్పుండకూడదు" అని
జేబులో కుక్కీసి ఎల్లిపోనాడు.

పాట అయిపోనాది. అందరూ ఎల్లిపోనారు.
ఇంజిను ఆపీసినాను.
ఆయన కొన్న యాభై ఆరు నిమిషాలు
నా దగ్గర మిగిలున్నాయి.

ఎర్రమన్ను, నల్లమన్ను,
కాలితో కాదు, అరచేత్తో అదిమి,
వానకి దిగుతాదని కాస్త ఎత్తుంచి,
పలక పక్కన పలక,
సందుల్లో పొడిమన్ను రాల్చి,
చెంబుతో నీళ్లు.

మా అమ్మ నాకు ముందు ఇద్దర్ని పాతింది.
నాను పుట్టగానే పక్కింటోళ్లకి ఇచ్చీసి
శేరు తవుడు పోసి తిరిగి కొనుక్కుందట,
చావు కంట్లో పడకుండా.
ఆ ఇద్దరూ ఎక్కడే అని అడిగితే
వంశధార వైపు చెయ్యి చాపి, దించీసింది.
"గడ్డి కలిసిపోనాదిరా."

అందుకే ఒక్క పలక,
తలవైపుది,
అడ్డంగా పెట్టినాను.

రెండు వానలు పడినాయి.
నిన్న ఇంకో గొయ్యికి ఎల్తే
దీనమ్మ ఆ అడ్డం పలక దగ్గిర కూకుని
కొడవలి మొనతో చుట్టూ అంచు కోస్తన్నాది,
పక్క గరికతో కలవనీకుండా.

నన్ను చూసింది.
"చెక్కలెయ్యరా, ఎండెక్కుతాది" అంది.