బైటు

నూటయాబై అడుగుల లోతులో ఉండా నేను అప్పుడు.
బళ్ళారి కాలేజీ పిల్లోళ్ళకు
ఏడు స్వరాల రాయిని కట్టెతో కొట్టి చూపిస్తాండా.
ఆ రాయి మోగితాంటే
పైన పిడుగు పడినా ఇనపడదు.
ఇరవైరెండేండ్లుగా బెలుంలో గైడును, నాకు తెల్సు.

నేను పైకొచ్చేలోగా అంతా అయిపోయింది.
గుహలో కాదు. గుహ బైట.
బండ్లు నిలిపే తావులో
అరవై రూపాయల చీటీ కాడ మొదలై
నాపరాయి ముక్కతో ముగిసింది.
గుంతకల్లు టెంపో డ్రైవరు ఎర్రిస్వామి.
తాడిపత్రి ఆసుపత్రి గేటు దాటలేదంట.

మాపటికి మూడు బండ్లొచ్చినాయి,
నెత్తిన గంగాళాలు పెట్టుకోని.
వాటిని పార్కింగు చీటీ ఎవరూ అడగలే.

మైకు పట్టుకున్న పిల్లోడు మంచోడే.
ఎండకు నోరెండి నా సీసాలో నీళ్ళు తాగినాడు.
"ఏం చూసినావన్నా?"
"ఏమీ చూడలే నాయనా, లోపలుంటి."
వాని మొగం దిగిపోయింది.
"పోనీ ఏమన్నా ఇన్యావా? ఒక్క కేక?
రెండు నిమిషాల్లో లైవు."
ఇంటికాడ మాబున్ని టీవీ ముందర కూర్చోనుంటాదని
మతికొచ్చింది.
"ఇన్యా" అన్నా.
"గుహంతా మోగింది" అన్నా.
ఆ మాట నాదే. ఎవరూ నా నోట్లో పెట్టలే.

రాత్రి తొమ్మిదికి నా మొగం చుట్టూ ఎర్ర సున్నా.
పాతాళం నుంచి ఆర్తనాదం అని
నా మాట అడుగున పట్టీ మీద పరిగెత్తింది.
స్టూడియోలో ఒకాయమ్మ
మా గుహకు లేని మెట్లు దిగతాంది,
గోడలెంబడి నెత్తురు కార్తాంది.
సెలవుల్లో శవాల గుహ? అన్నారు.
చివర ఆ కొక్కెం తగిలిస్తే
అబద్ధం కిందికి రాదంట.
అరవై రూపాయల మాట ఎవరూ ఎత్తలే.
కాంట్రాక్టరు పేరైతే సరేసరి.

ఆదివారానికి జనం రెట్టింపు.
కోటిలింగాలు వద్దంట, పాతాళగంగ వద్దంట.
"యాడ జరిగింది, అది చూపీ."
రెండు దినాలు కాదన్యా.
మూడో దినం
ఇనుప చెమ్మ దిగి ఎర్రబారిన గోడొకటుంటే
దాని మీద టార్చి ఏసి గమ్మునుంటి.
నేనేం చెప్పలే.
సెల్లు పైకెత్తి అందరూ తీసుకున్యారు.
యాబై, నూరు జేబులో కుక్కిపోయినారు.
పాడైన మిక్సీ బాగుచేపిచ్చినా.

పదకొండో దినం దాటినాక ఈరమ్మ వచ్చింది.
గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, మూడు బస్సులు మారి.
టికెట్టు కొనలే. గేటు కాడనే నిలబడి
"కేక ఇన్న్యా అని టీవీలో చెప్పినాయప్ప నువ్వే గదా" అనె.
కోపం లేదు. నన్ను చూసి రోంత నెమ్మదైనట్లే ఉంది.

"ఏమని అరిసినాడన్నా?
అమ్మా అన్యాడని మా అత్త.
పాపను పిలిసింటాడని నేను.
దినామూ ఇంట్లో ఇదే రభస.
ఇన్నోడివి నువ్వొక్కడివే.
తేల్చుకోని పోదామని వస్తి."

లోపల ఒక తావుంది.
అసలు చీకటంటే ఏందో చూపేకి
ఆడ లైట్లన్నీ ఆర్పేస్తా.
ఎవరి మొగం ఎవరికీ కనపడదు.
పిల్లోళ్ళు కేరింతలు కొడతారు, పెద్దోళ్ళు దేవుడంటారు.

ఇది బైట.
మిట్టమద్దేనం. ఆర్పేకి స్విచ్చి యాడుంది.
నాపబండల మీద ఎండ తెల్లగా కొడతాంది.
ఆయమ్మ రెప్పేయకుండా
నా నోరి దిక్కే చూస్తాంది.

ఆ పక్క పార్కింగు పిల్లోడు
యాదో బండిని ఎనక్కి తీయిస్తాండాడు.
రానీ, రానీ,
రోంత రానీ.