దీని తల్లిని చూపించు

చూసినాలేప్పా బయపరెడ్డీ, నీ ఆబోతును.
ముందర నిలబడి చూసినా, పక్కన నిలబడి చూసినా,
నడిచేటప్పుడు ఎనక కాలు
ముందరి కాలు అడుగులో పడతాదా లేదా అని
నేలకు వొంగి గూడా చూసినా. పడింది.

మూపురం రవ్వంత కుడికి వాలింది, అదేం తప్పు గాదు.
గంగడోలు మోకాళ్ల కాడికి జారి ఉండాది.
కండ్లకు ఎవురో కాటిక పెట్టి
తుడిచేది మర్చిపోయినట్టుండాది.
కొట్టం దూలానికి ఏలాడే షీల్డులు పద్నాలుగు.
దీని కొడుకులు తెచ్చినవంట,
రెండు పళ్ల జత, నాలుగు పళ్ల జత, ఆరు పళ్ల జత.
పాలపళ్ల జతకు గూడా ఒగటి, దుమ్ము పట్టి.

యల్లనూరు కాడ పొద్దున ఐదుకే బస్సెక్కినాం.
మా తమ్ముడు కుళ్లాయప్ప నీ గేటు కాడే కరిగిపోయినాడు,
చూడు, ఫోన్లో ఎన్ని ఫోటోలు తీస్తాండాడో.
వానికి ఇరవై నిమిషాలు గావాల,
ఒక బండ గావాల,
మైకులో మా ఇంటిపేరు మోగాల.
నాకు పొద్దున మూడు లీటర్లు, మాపటికి రెండు.
ఇద్దరికీ ఉండేది ఒగటే ఆవు.
వాడు కోడె అంటాడు, నేను పెయ్య అంటా,
దాని కడుపులో ఎవురి చీటీ లేస్తాదో
తొమ్మిది నెలలు దాటినంక గానీ తెలీదు.

అందుకే అడుగుతాండా.
దీని తల్లిని చూపించు.

నవ్వుతావేందప్పా?
ఆబోతుకు పొదుగుండదు, నిజమే.
ఉండదు గానీ, యాడనో లోపల
మడత బెట్టి దాచి ఉంటాది,
కూతురి కోసం ట్రంకు పెట్టెలో చీర దాచినట్టు.
ఆ చీర చిరుగుదో మంచిదో
తల్లి వొంటి మింద చూస్తేనే గదా తెలిసేది.

మూడేండ్ల కింద నేనూ ఇట్లనే
తాడిపత్రి సంతలో మూపురం చూసి మోసపోయినా.
దూడ భుజాల కాడ తట్టుకునింది.
డాక్టరు యాడికి పోయినాడంటే
యాడికి పోయినాడన్నారు.
పాల వ్యాను వచ్చేదాంక
మోకు కట్టి ముగ్గురం లాగినాం.
అదీ బండలాగుడే, రెడ్డీ.
ఎవురూ మైకులో చెప్పలే.
ఆవు బతికింది. ఆ పొద్దు నుంచి
మోకు కనపడితే చాలు, చెవులు ఎనక్కి పెడతాది.

ఏందీ? అమ్మేసినావా?
ఈతలు నిలిచినంక సంతకు తోలినావా?
పాలెన్ని ఇచ్చేది? పొడిచేదా?
దూడను దగ్గరికి రానిచ్చేదా?
గుర్తు లేదంటావు.
పద్నాలుగు షీల్డుల మింద తేదీలుండాయి,
ఊర్ల పేర్లుండాయి, దుడ్లిచ్చినోళ్ల పేర్లుండాయి.
ఆయమ్మకు మాత్రం
కొమ్ము యాపక్క వంగి ఉండెనో గూడా నీకు తెలీదు.

సరే. పేడదిబ్బ కాడ కట్టేసినావే,
చెవి చీలినది, అదెవురిది?
షీల్డు లేదా?
దాని పక్కన నెమరేస్తాండేది తల్లేనా?
ఏడో ఈతా?
ఉండు, చేతులు కడుక్కోనీ.

తన్నలే. చూసినావా,
కొత్త చెయ్యని గూడా తన్నలే.
నాలుగు చన్నులూ ఒగటే తీరుగుండాయి,
పాలనరం నా బొటనేలంత లావుండాది,
ఇన్ని ఈతలైనా గిట్టలు పగల్లే.
నడుం కొంచెం దిగింది.
నాదీ దిగిందిలే.

మా ఆవు ఎదకొస్తే దీని కొడుకు కాడికే తోలుకొస్తా.
ఎంతప్పా రేటు?
సగమేనా?
మెల్లగ చెప్పు, వాడు వింటాడు.
వానితో ఎక్కువే చెప్పు,
ఆ పెద్దదానికంటే ఎక్కువని చెప్పు.
దుడ్లు ఎక్కువ పోసినామంటే,
పుట్టేది పెయ్యైనా సరే,
మా తమ్ముడు
ఇంగో శేరు ఉలవలు ఉడకబెడతాడు.