సూచనలు రాయమన్న కాగితం

శిక్షణ అయిపోయింది.
చాయ్, రెండు ఉప్పు బిస్కెట్లు,
ఆఖరుకు ఒక కాగితం: ‘మీ సూచనలు’.
కింద నాలుగే గీతలు గీసిన్రు.
నాకు వెనుక పక్క గూడ కావాలె సార్.

నేను హోంగార్డును. పదకొండేండ్లాయె.
రైడుకు పోతే ఆడమనిషి ఉండాలని రూలున్నది.
ఆ రూలును నేను.

కాజీపేట జంక్షన్ అవతలి లాడ్జిల
ఆ రాత్రి ఇద్దరు దొరికిన్రు.
పంచనామాల అట్లనే రాసిన్రు, ‘దొరికిన్రు’ అని,
తప్పిపోయిన బర్రె దొరికినట్టు.

ఒకామె ఓదెమ్మ. నలభై నాలుగు.
తలుపు కొట్టంగనే కొప్పు ముడేసుకొని
సంచి భుజానికి తగిలిచ్చుకొని
"పదుండ్రి, ఈసారి ఏ స్టేషను?" అన్నది.

రెండోది పిల్ల.
ఆధార్ల పందొమ్మిది అని ఉన్నది. ఆ కార్డు చేయించింది వాడే.
గోడకు మొఖం పెట్టి నిలబడ్డది,
బడిల శిక్ష పడ్డట్టు.
కాళ్లకు చెప్పుల్లేవు.
ఉరుకకుంట వాడు చెప్పులు బీరువల పెట్టి తాళమేస్తడట.

ఇద్దరికీ ఒకటే జీపు, ఒకటే కెమెరా,
ఒకటే చున్నీ చెరిసగం మొఖాల మీద.
మంచాల మీది మొగోళ్ల పేర్లు మాత్రం
మెట్లు దిగేలోపట్నే మాయమైనయి.

హోముల ఇద్దరికీ ఒకటే కుట్టుమిషను.
ఓదెమ్మ నవ్వింది:
"నా బిడ్డ హన్మకొండల నర్సింగు చదువుతాంది,
ఇరవై తారీఖు లోపట ఫీజు కట్టాలె.
ఎన్ని జాకెట్లు కుడితే తీరుతది చెల్లే?"
నా దగ్గర జవాబు లేకుండె. ఇయ్యాల్టికీ లేదు.
పొద్దున తెర మీద బాణం గుర్తులు చూపిచ్చిన్రు గద,
రక్షణ నుంచి పునరావాసం, ఆడికెళ్లి ఇల్లు.
ఆ బాణాల నడుమ ఆమె ఎక్కడ నిలబడాలె?

పిల్ల ఆర్నెల్లకు నోరు తెరిచింది,
కోర్టు వరండల, రెండో వాయిదా నాడు.
ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి లారీలు పోతున్నయి,
ఆ ఘాటుకు అందరం దగ్గుతున్నం.
వాడు గూడ. బెయిలు మీద, ఇస్త్రీ అంగీల,
నాలుగడుగుల దూరంల.
"కండ్లు మండుతున్నయక్కా."
"మిర్చి బిడ్డా" అన్న.
"మిర్చి కాదు" అన్నది.

గీతలు దాటిన. మన్నించుండ్రి.
ఇద్దరినీ ఒక వలతోని పట్టకుండ్రి సార్.
ఏం కావాలెనో ఇడివిడిగ అడుగుండ్రి,
జవాబు మీకు నచ్చకపోయినా రాసుకోండ్రి.
ఓదెమ్మ రేషన్ కార్డు అడిగింది,
కిరాయికి ఒక అర్ర అడిగింది,
నెలనెలా చెయ్యి చాపని కానిస్టేబులును అడిగింది.
పిల్ల అడిగింది ఒక్కటే, వాడు లేని వరండ.

పరిహారం ఫారంల ఒక గడి తండ్రి పేరుకు,
ఇంకో గడి అమ్మినోని పేరుకు.
రెండింట్ల ఒకటే పేరు రాసిందామె.
క్లర్కు తప్పనుకొని కొట్టేసిండు.

ఇంకొక్కటి, చిన్నది.
జీపు ఎక్కేముందు చెప్పులియ్యుండ్రి.
ఆ రాత్రి నావి ఇచ్చిన. ఆమెకు రెండు సైజులు పెద్దయినయి,
వేళ్లు ముడిచి ఈడ్సుకుంట నడిచింది.
నేను వట్టి కాళ్లతోని ఇల్లు చేరితే
చెప్పులు పోయినయా అన్నడు మా ఆయన. అవునన్న.

మొన్న తొమ్మిదో వాయిదాకు వచ్చింది.
అవే చెప్పులు. మడిమల కాడ అరిగినయి.
పందొమ్మిదేండ్లకు కాళ్లు పెరుగయి గద సార్.
ఇప్పుడామెకు అవి సరిగ్గ సరిపోయినయి.